బస్సు పడుకునే వాకిలి

ఆ మంచం కాళ్ళవైపు గోడకి ఆనించి ఉన్న ఆ అతుకు పలకేంటనా? అడిగావు, మంచిదైంది. నేనే చెబుదామనుకుంటున్నా, ఏదో పని అడ్డం వస్తోంది. కూర్చో, దిండు గలీబు తర్వాత తొడుగుదువుగాని. ఇవాళ నీకు మొత్తం చెప్పేస్తాను. రేపు ఆ బస్సుల ఆఫీసరు ముందు నేనెక్కడైనా ఆగిపోతే నువ్వు అందించాలి. మొన్న బస్సు ఆపొద్దని అందరం స్టాండు దగ్గర పోగైనప్పుడు చూశావుగా నా పరువు. అందరూ పెద్దదానివి, నువ్వు మాట్లాడమ్మా అని ముందుకు తోశారు. మా అత్తగారి పేరెత్తాను, అంతే, తర్వాతిది రాలేదు. పక్కనున్న టైలరు, పాపం మంచివాడే, "పెద్దమ్మ అలిసిపోయింది, కూర్చోపెట్టండి" అన్నాడు. అలిసిపోయానా నేను? మర్చిపోయాను. అదీ ఇదీ ఒకటేనా?

సరే, ఎక్కడున్నాం? ఆ, మంచం. మా అత్తగారిని ఈ వీధంతా ఏమని పిలిచేదో తెలుసా? డిపో అత్త. మనింటిని చిన్న డిపో అనేవాళ్ళు. వెక్కిరింతకే అనేవాళ్ళులే మొదట్లో, తర్వాత చుట్టాలకి ఇంటి గుర్తు చెప్పడానికి అదే వాడారు. ఎందుకంటే ఆఖరి బస్సు వచ్చి మన వాకిట్లో పడుకునేది. బస్సూ, దాని డ్రైవరూ, కండక్టరూ. ఊళ్ళో అందరికంటే ముందు ఇంజను మోత మనింట్లోనే వినబడేది. ఇప్పటికీ అంతేగా. నువ్వు పొద్దున్నే జడేసుకుంటూ పరిగెత్తి ఎక్కే బస్సు ఉందే, అది నగరం నుంచి రాదమ్మా, ఇక్కడే పడుకుని లేస్తుంది. అందుకే నీ ఆసుపత్రి డ్యూటీకి అందుతున్నావు. వచ్చే నెల నుంచి నైట్ హాల్టు రద్దు అంటున్నారే, అంటే అర్థం ఏంటి? బస్సు అక్కడే పడుకుంటుంది, అక్కడే లేస్తుంది, ముఖం కడుక్కుని ఇక్కడికి వచ్చేసరికి ఎండెక్కుతుంది. నువ్వు హాస్టల్లో ఉంటానంటున్నావు. ఉందువుగానిలే, ముందు నా మాట విను.

అప్పుడూ ఇలాగే ఆపబోయారు. నేనింకా కాపురానికి రాలేదు, అయినా అందరి నోటా విని విని చూసినట్టే ఉంటుంది. మా మరిదికి మిల్లులో పని దొరికింది, పొద్దుటి షిఫ్టు. మనూరి నుంచి వెళ్ళేవాళ్ళు ఇంకా చాలామందే. బస్సు ఇక్కడ పడుకోవడం మొదలై బాగానే నడుస్తోంది. కానీ డ్రైవరు, కండక్టరు సీట్లలోనే పడుకునేవాళ్ళు. వానాకాలం పైకప్పు కారి, ఆ డ్రైవరుకి జ్వరం తగిలింది. ఇంక ఆఫీసరొచ్చాడు. బూట్లు, చంకలో ఫైలు. మధ్యాహ్నం బస్సులో దిగి, వీధిలోవాళ్ళని పోగేసి, "మా సిబ్బంది పడుకోడానికి చోటు లేదండీ, మేం ఆపేయక తప్పదు" అన్నాడట. మగవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మా మామగారు కూడా, ఆయన పిల్లి వచ్చినా జరిగి దారిచ్చే మనిషి. మా అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఆ ఆఫీసరు మణికట్టు పట్టుకుని, "చోటు లేదా? రా" అందిట. అంతే, లాక్కొచ్చేసింది. ఈ వీధిగదిలోకే.

ఆయన గుమ్మంలోంచి చూసి, బాగానే ఉందమ్మా, కానీ అంటూ ఏదో నసిగాడట. ఈవిడ ఊరుకుంటుందా? "చూస్తే ఏం తెలుస్తుంది నాయనా? మంచం సంగతి పడుకుంటేనే తెలుస్తుంది." మొహమాటానికి కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఆ వెనక కిటికీ తెరిస్తే గాలి ఎలా వస్తుందో నీకు తెలుసుగా. గురక మొదలైంది. మా అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని కాపలా. గాజులమ్మేవాడు అరవబోతే వేలు చూపించింది. మా మామగారికి దగ్గొస్తే, వెళ్ళి పెరట్లో దగ్గి రమ్మంది. ఇంతలో ఆయన వెనక్కి వెళ్ళాల్సిన బస్సు వచ్చేసింది. డ్రైవరు హారన్ మీద చెయ్యేసేలోగా ఈవిడ రోడ్డు మధ్యకెళ్ళి రెండు చేతులూ ఎత్తేసింది. "మీ ఆఫీసరే పడుకున్నాడురా అబ్బాయ్, లేపుతావా?" వాడెందుకు లేపుతాడు! ఇంజను ఆపేశాడు. బస్సు నిండా జనం. ఒక్కరు మాట్లాడలేదట. చంటిపిల్ల ఏడవబోతే ఎవరో దింపి దూరంగా తీసుకెళ్ళారు. ఆయన తనంతట తను లేచి, తల దువ్వుకుని బయటికొచ్చి, బస్సుని చూసి, జనాన్ని చూసి, ఒకటే ముక్క అన్నాడట, "మీ ఇంట్లో దోమల్లేవే" అని. నైట్ హాల్టు ఉండిపోయింది. అదమ్మా మా అత్తగారంటే.

ఇది చెప్పానా నీకు, నా పెళ్ళయ్యాక సంగతి? చెప్పానా? చెబితే మళ్ళీ విను. కొత్త కోడలిగా వచ్చాను. ఉన్నవి రెండు గదులు. మీ తాతయ్య వెళ్ళి, అమ్మా, కొన్నాళ్ళు వీధిగది మాకివ్వు అని గొణిగారు. విత్తనాల బస్తాల మధ్య పడుకున్నాంలే మేము, ఆయన తుమ్ములూ నేనూ. ఆవిడ ఏమందో తెలుసా, నేను వినేలాగే అంది: "డ్రైవరుకి నిద్ర లేకపోతే బస్సెడు జనానికి గండం. నీకా, ఎక్కడ పడుకున్నా ఈ నెలంతా నిద్ర ఉండదు. నీకెందుకురా గది?" నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నవ్వకు. ఆ గది ఎవరికీ ఇచ్చేది కాదు, సొంత అన్నయ్య వచ్చినా వరండాలోనే. ఒక పొడుగు డ్రైవరు వచ్చేవాడు, తాటిచెట్టే. వాడు నోరు తెరిచి అడగలేదు. గోడమీద మడమల రాపిడి మరక చూసి ఈవిడే కనిపెట్టింది. వడ్రంగిని పిలిచి, పాత తలుపు కోయించి, ఈ పలక చేయించింది. కావాలంటే తగిలించుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. ఇప్పటి కుర్రాళ్ళంతా పొట్టివాళ్ళే, తగిలించి చాలా రోజులైంది. ఆవిడ పోయాక ఈ గది నా చేతికొచ్చింది. ఒక్క రాత్రి కూడా దుప్పటి మాసి ఉండలేదు. అది మాత్రం మర్చిపోలేదు నేను.

ఈసారి సంగతి వేరని నాకు తెలీదనుకోకు. చోటు లేదనడం లేదు, జనం లేరంటున్నారు. పొద్దుటి బస్సు ఖాళీ అట. మనూళ్ళో ఎక్కేది నలుగురే, నిజమే. మిల్లు మలుపు దాటాక చూడాలి, నిలబడ్డానికి చోటుండదు, నువ్వే చెబుతావుగా. వాళ్ళు పట్టపగలు కార్లో వచ్చి స్టాండు చూసి పోతే ఏం కనబడుతుంది? అందుకే, రేపు వచ్చే ఆఫీసరుకి నేనేం ఉపన్యాసం చెప్పను. మాటలు నన్ను నమ్ముకుని లేవు, నేనూ వాటిని నమ్ముకోను. మాట మర్చిపోయినా చెయ్యి పట్టుకోవడం మర్చిపోనుగా? చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొస్తాను, పడుకోమంటాను. పొద్దున్నే నీతోపాటు బస్సెక్కిస్తే మిల్లు మలుపు ఆయనే చూస్తాడు. రానంటాడా? చూద్దాం, ఇంతవరకూ ఈ ఇంటివాళ్ళు పట్టిన చెయ్యి ఎవరూ విడిపించుకోలేదు. నేను చెయ్యి పట్టుకుని మధ్యలో దేనికి పట్టుకున్నానో తెలీనట్టు నిలబడితే, నువ్వు చెవిలో ఒక్క మాట వెయ్యి. మంచం అను. చాలు.

ఇంతకీ ఆయన పొడుగా, పొట్టా? ఎవరూ చూడలేదా? సరేలే. ఆ పలక ఇటు అందుకో, తగిలించి ఉంచుదాం.