బుడ్డోన్ని అలవాటు చేసుకో వదినె

అయ్యో, గట్ల మీదవడి ఎత్తుకుంటె ఎట్ల వదినె! అది కుక్కపిల్ల, నూలు కండెల గంప గాదు. ఇడువు, ఇడువు. అగో, మల్ల మంచం కిందికి ఉరికె. నేనొచ్చినకాడికెల్లి ఇది మూడోసారి!

కోనరావుపేట నుంచి బస్సుల ఒడిల పెట్టుకోని తెచ్చిన. దీనికీ టికెటు గొట్టాల్నా అని కండక్టరు ఒకటే నవ్వుడు. నా చీర మీద ఏం జేసిండో బుడ్డోడు, అది మాత్రం నీకు చెప్ప.

కింద కూసో. పీట మీద గాదు, నేల మీద. దాని దిక్కు సూడకు. గుడ్లప్పగించి సూస్తె ఎవలన్న దగ్గరికొస్తరా? నువ్వు నీ కండెలు సుట్టుకుంట కూసో, నాతోని ముచ్చట వెట్టు. దానికే పాణం ఆగక ముక్కు బయట వెడ్తది.

ఎందుకు నవ్వుతవ్? పెండ్లయిన కొత్తల నువ్వు మా ఇంట్ల మూడు దినాలు సక్కగ తిన్నవా? మా అవ్వ నిన్నేమన్న బుజ్జగిచ్చిందా? ఊకె ఇడిసిపెట్టింది. నాలుగోనాడు నువ్వే ఉట్టి మీది పెరుగు దింపుకోని తింటివి. మరిసిపోయినవా? నేనైతె మరువలే!

ష్... వస్తున్నడు. కదలకు. జొన్న గట్క ముద్ద అరచేతిల పెట్టుకో. చెయ్యి చాపకు తల్లీ, తొడ మీద ఉంచు. ఆఁ... నాకిండా? సక్కిలిగింతలైతె ఓర్చుకో. నువ్వు ఉలిక్కిపడితె మల్ల మంచం కిందికే.

ఇగ బట్ట నేసే సాంచెల సంగతి. మీ ఇంట్ల గా దడదడకు నాకే తలకాయ తిరుగుతది, వీని గతేంది? మా అన్నకు చెప్పు. వీడు తింటున్నప్పుడే ఒక్క సాంచె నడుపుమను. రేపు రెండు. కడుపు నిండుతుంటె చప్పుడు గూడ చుట్టమే అయితది. వారం పోతె సాంచె కిందనే పండుకుంటడు సూడు. కరెంటు పోయినప్పుడే లేసి ఏడుస్తడు!

వీడు పండుకునే గోనెసంచి గూడ తెచ్చిన. ఉతుకకు. వదినె, నీకు శుభ్రం ఎక్కువ, తెలుసు గని దాన్ని మాత్రం ఉతుకకు. వాని వాసన వానికుండాలె.

ఏంది? గింత తెలిసినదానివి నువ్వే ఊర్ల ఉంచుకోరాదా అంటవా?

చెప్పిన గద. అడవిల అన్నలు వచ్చి చెప్పిపోయిండ్రు, ఊర్ల కుక్కలు ఉండొద్దని. వాళ్లు రాత్రిపూట వస్తుంటె మొరుగుతున్నయట. తెల్లారి పోలీసులొచ్చి, రాత్రి కుక్కలెందుకు మొరగలే, మొరిగితె మాకెందుకు చెప్పలే అంటరు. మొరిగితె ఒకలకు కోపం, మొరగకుంటె ఒకలకు కోపం. ఇగ కుక్కేం జేయాలె వదినె, దగ్గాల్నా?

నవ్వు, నవ్వు. మా ఊర్ల గూడ గిట్లనే నవ్వుకున్నం తొలుత.

సూసినవా? నీ ఒడిల ఎట్ల ముడుసుకోని పండుకున్నడో! గంతే, ఇగ నీ బిడ్డనే అనుకో. కోనరావుపేట బస్సుకు టైమయింది, నేను లేస్త.

వీని తల్లా?

...ఎవలింటి కుక్క సంగతి వాళ్లే సూసుకోవాలె అన్నరు ఊరి పెద్దమనుషులు. మా ఆయన రెండు దినాలు తాడు పట్టుకోని దాని ఎనుక తిరిగిండు. తిరిగి తిరిగి, దాని మెడ నిమిరి వచ్చి కూసున్నడు. మూడోనాడు నేనే, పత్తికి కొట్టే మందు అన్నంల కలిపిన. నేను పెడ్తున్నననే తోకూపుకుంట తిన్నది వదినె. గిన్నె గూడ నాకింది.

వీన్ని తెచ్చినందుకు అన్నల పేరు చెప్పిన గని, అది అబద్ధం. వీనికి మొరుగుడు ఏడొస్తది? ఇంకో రెండు నెలలు నా ఇంట్ల ఉన్నా అడిగేటోడు లేడు. వీడు నన్ను జూసి తోకూపుతుంటె నాకు ముద్ద దిగుతలేదు. గందుకు తెచ్చిన. నా పాణానికే తెచ్చిన.

గట్ల సూడకు వదినె. పోతున్న. లేస్తె మల్ల తోకూపుతడు, వాడు లేవకముందే పోనియ్యి నన్ను.