పుంజుకి బలం పొడి

పశువుల మందుల కొట్టు. బావ వచ్చి, సగం వాడిన పొడి డబ్బాని బావమరిది ముందు ఠక్కున పెట్టాడు.

"నువ్వమ్మిన మందు ఇంత దొంగదనుకోలేదురా."

"ఏమైంది బావా? పుంజుకి పడలేదా?"

"భేషుగ్గా పడింది. ఈకలు నిగనిగలాడుతున్నాయి. కూత వేస్తే పక్క వీధివాళ్ళు కూడా లేచి కూర్చుంటున్నారు. పొదగేసిన గుడ్లు మాత్రం ఒక్కటీ పిల్ల కాలేదు."

"మందు పెట్టక ముందు?"

"సగానికి సగం పిల్లలయ్యేవి. మిగతా సగం కోసమే కదా నీ మాట విన్నది! మీ అక్క కత్తి నూరి పెట్టింది. ఈసారి కూడా గుడ్లు మురిగితే పుంజుని కూర వండేస్తానంది. అరచేతిలో గింజలు పెట్టి పెంచినవాణ్ణి, నేనెలా తింటాన్రా?"

"అక్క అన్నంత పనీ చేస్తుంది. సరే, పొడి ఎలా పెడుతున్నావ్?"

"దాణాలో కలిపి. పెట్టలు ఎగబడి తినేస్తున్నాయని పుంజుని విడిగా గూట్లో పెట్టాను."

"తిన్నాక బయటికి వదులుతున్నావుగా?"

"వదిలితే ఇంకేముంది! పెట్టల వెంట పరిగెత్తి, తిన్న బలమంతా తగలేసుకోదూ?"

బావమరిది కళ్ళద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నాడు.

"బావా, మీ పెళ్ళయిన కొత్తలో మా నాన్న నిన్ను కూడా ఇలాగే విడి గదిలో పెట్టి మేపి ఉంటే, నాకు మేనల్లుడు పుట్టేవాడా?"

బావ డబ్బాని ఇంకాస్త ముందుకి జరిపాడు.

"అయితే ఈ డబ్బా వెనక్కి తీసుకోవా?"

"ఇంటికి పట్టుకెళ్ళు. గూటి తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టు."