రెండు పళ్ళ నాయిరి

కరిచిందా నాన్నా? ఏదీ, వేలు చూపించు. అబ్బే, రక్తం రాలేదులే. నిన్నగాక మొన్న బయటపడ్డ పళ్ళు, అవీ కిందివి రెండే. మన బుర్జ్ హమ్ముద్ పేట మొత్తంలో పేరున్న కంసాలివి, పాలుతాగే మనవరాలు కరిచిందని అంత కేక పెట్టాలా? హాల్లో చుట్టాలందరూ విన్నారు.

అయినా తప్పు నాయిరిదా? పళ్ళొచ్చిన పండగ దానిది. తలమీద తెల్లబట్ట కప్పి, ఉడికిన గోధుమలు పోసి, ఎదురుగా వస్తువులు పరిచి, "నచ్చింది పట్టుకో తల్లీ, పెద్దయ్యాక అదే నీ పని" అన్నది మనమే కదా! అది పట్టుకుంది. నువ్వు లాక్కోబోయావు. నేనైనా కరుస్తాను.

ఏమిటీ? సుత్తి అక్కడికెలా వచ్చిందా?

నేనే పెట్టాను. నువ్వు పెట్టించినవేమిటి? దువ్వెన, సూది, గరిటె. పుస్తకం కోసం వదిన నీతో పోట్లాడాల్సి వచ్చింది! అదే మగపిల్లాడైతే కొట్లో సామానంతా కుప్ప పోసేవాడివి కాదూ?

పైగా గ్లాసెత్తి అందరిముందూ ఏమన్నావు? "ఇది ఏది పట్టుకుంటే అదే. నా మాటకి తిరుగులేదు." దువ్వెన తప్పదనేగా ఆ ధీమా!

మరి ఇప్పుడు తిరుగుందా?

బాబాయి పోయినప్పటినుంచి కొట్లో ఆయన పనిబల్ల ఖాళీగా ఉంది. నేనడిగినప్పుడల్లా "అమ్మా సేటా, ఆడపిల్ల కూర్చునే చోటు కాదది" అంటావు. సరే, ఇవాళ్టినుంచి అది నాయిరిది. దాని చేతికి సుత్తి నిలిచేదాకా ఆ బల్ల ఎవరో ఒకరు చూసుకోవద్దూ? ఎవరు, అన్నయ్యా? వాడికి గోడకి మేకు కొట్టడం రాదు. సొంత మేనత్తని, నేనున్నానుగా.

గుమ్మం వైపు చూడకు, గోడమీద ఆ ఫొటో చూడు. నా పళ్ళ పండగది. చేతిలో దువ్వెన, నోరంతా ఏడుపు. దువ్వెన నచ్చి పట్టుకున్న పిల్ల అలా గుక్కపెడుతుందా? అమ్మ చెప్పింది నాన్నా. నేను పట్టుకున్నది నీ పట్టకారు. లాగేసి దువ్వెన చేతిలో పెట్టి, ఫొటో తీయించావు. అప్పటికి నాకింకా ఒక్క పన్నేగా, ఏం చెయ్యను?

నవ్వొస్తే నవ్వు, ఆపుకోకు.

సరే, ఇంకోటి కూడా చెప్పేస్తాను. నెలరోజులుగా నీ చిన్న సుత్తి కనబడక కొట్టంతా వెతికావే, అది ఇవాళ పొద్దుటిదాకా మన ఫ్రిజ్‌లోనే ఉంది. పెరుగు గిన్నె వెనకాల. ఆరు నెలలు దాటినా నాయిరికి పన్ను రాలేదని అమ్మ బెంగ, ఒక్కో పిల్లకి ఒక్కోలా వస్తాయమ్మా అని డాక్టరమ్మ. ఈలోపు చిగుళ్ళు ఉబ్బి, చొంగకార్చుకుంటూ, దిండు దగ్గర్నుంచి పిల్లి తోకదాకా కొరికేది. శుభ్రంగా కడిగి, నేనే పట్టుకుని, ఆ చల్లటి ఇనుము చిగురుకి ఆనించేదాన్ని. ఏడుపు ఠక్కున ఆగిపోయేది. ఇవాళ గోధుమల మధ్య దాన్ని చూడగానే ఎలా నవ్విందో చూశావుగా?

మోసమా? అవును, మోసమే. ఎవరి దగ్గర నేర్చుకున్నానంటావ్?

వెళ్ళు, కావాలంటే మళ్ళీ లాక్కో. వదిన ఒళ్ళోనే ఉంది, సుత్తి నోట్లో ఉంది. కానీ తేల్చుకునేదేదో త్వరగా తేల్చుకో నాన్నా.

పై చిగురు కూడా ఉబ్బింది.