నాగేశ్వర కోసం గాలం

మే నెలాఖరు శుక్రవారం, పొద్దెక్కింది. గల్ఫ్‌లో, సల్వా దగ్గర సముద్రపు ఒడ్డున రాళ్ల మీద ఇద్దరే గాలాలు వేసుకుని కూర్చున్నారు: సులైబియా గోదాములో పనిచేసే భీమరాజు, అతని అక్క సువర్ణ భర్త బాలకిషన్. సువర్ణ పనిచేసే ఇంటి డ్రైవర్ నాగేశ్వరను చేపల ఆశతో ఇక్కడికి రప్పించాలన్నది ఇద్దరి మధ్య మాట.

"వస్తడంటవా?"

"వస్తడు బావా. చేపలంటే వాడు యాడున్నా ఉరికొస్తడు."

"ఏం చేపలురా! నీళ్లల్ల చెయ్యి పెడితే కాలుతున్నది. సీజన్ ఖలాస్. రెండు గంటలాయె, ఒక్కటన్న ముట్టిందా?"

"ముట్టకున్నా కూసోవాలె. గాలాలు కనబడకుంటే వాడు దూరంకెల్లే మర్లిపోతడు."

"రానీ. నా పెండ్లాం దవడ ఇరగ్గొట్టిండు. వాని నోట్ల ఒక్క పన్ను మిగలొద్దు."

"పండ్లేనా?"

"చేతులు గూడ. రెండూ. ఇగ జన్మల స్టీరింగ్ పట్టొద్దు."

"సంచిల పైపు ఉన్నదా?"

"ఉన్నది."

"ఇటియ్యి. నా దగ్గర ఉండనీ."

"తీస్కో. ఏయ్, నీది కదిలింది. గుంజు, గుంజు!"

"జెల్ల. ముల్లు సూసినవా? కుచ్చుకుంటే దినమంతా మంట."

"రాయికేసి కొట్టు ముందు. ఇంకోటి... చాలు. సచ్చింది. చాలురా భీమా, తలకాయ పిండైంది! నా అంగి మీద పడ్డది."

"బావా, మల్లొక్కసారి చెప్పు. ఎట్ల కొట్టిండు?"

"ఎన్నిసార్లు చెప్పాలె?"

"అక్క నోరు తెరవరాదు గద. దవడకు తీగెలు కట్టిండ్రు. నువ్వే చెప్పాలె."

"పోయిన శుక్రారం. ఆ ఇంటి మేడం, అదే మామా, పిల్లలు బయటికి పోయిండ్రు. వీడు సువర్ణ రూంల దూరిండు. లోపల గొళ్లెం పెట్టిండు. బెల్టు తీసిండు. కిందపడ్డంక ఛాతి మీద మోకాలు పెట్టి మొఖం మీద గుద్దిండు."

"ఎన్ని?"

"నాలుగు... ఐదు. నాకేం ఎరుక!"

"ఎందుకు?"

"ఊరికి పోత, ఇగ రాను, ఈడ ఉండనిచ్చే ఇఖామా మల్ల కట్టొద్దు... ఒకటే లొల్లి. ఎవనికైనా మండదా?"

"అక్క ఊరికి పోతే డ్రైవర్‌కెందుకు మండుతది?"

"అదే... మాట మీద మాట. వాళ్లల్ల వాళ్లకు. నువ్వు గాలం సూడు."

"సూస్తున్న. ఆ గొళ్లెం ఎసోంటిది బావా?"

"గొళ్లెమంటే గొళ్లెం! ఏం అడుగుడురా అది?"

"ఆ రూం నువ్వు సూసినవా?"

"నన్ను గేటు దాటనిస్తరా? మొగడైనా సరే, రోడ్డు మీదనే నిలవడాలె. నువ్వు సూసినవా?"

"పోయినేడు వాళ్లింట్ల ఫ్రిజ్ దించిన. అక్క రూం తలుపుకు లోపల గొళ్లెం లేదు. పనామె తలుపు బిగించుకోవద్దని మామా మొదటి దినమే పీకిచ్చింది. నాలుగు బొక్కలున్నయ్. సబ్బు ముక్కలు కుక్కింది అక్క."

"అయితే... పెట్టె అడ్డం పెట్టిండేమో. నాకు సువర్ణ ఎట్ల చెప్పిందో అట్లనే నీకు చెప్తున్న."

"ఎప్పుడు చెప్పింది? తీగెలు కట్టక ముందా, కట్టినంకనా?"

"అవన్ని ఇప్పుడెందుకురా?"

"మొన్న దవాఖాన్ల నువ్వు తలుపుల నిలబడంగనే అక్క గోడ దిక్కు తిరిగింది. నేను కూసుంటే తిరగలే."

"నొప్పిరా అది. నొప్పికి తిరిగింది."

"పోయిన శుక్రారం అక్కకు ఛుట్టీ. ఛుట్టీ దినం అక్క యాడికొస్తది బావా? అబ్బాసియాల నీ రూంకు గొళ్లెం ఉన్నది."

"ఎండ నెత్తికెక్కింది నీకు. యల్లా, పోదాం పా. సామాన్ సదురు."

"కూసో."

"ఎందుకు కూసోవాలె? వాడు రాడిగ!"

"ఎట్లొస్తడు? వాణ్ని నేనసలు పిలువనే లే. నిన్నొక్కణ్నే పిలిచిన."