ఇంకా నేల మీద పడని వైరుముక్క

పనిముట్ల రిపేరు షాపు ముందున్న బెంచీ దగ్గర ఆ మధ్యాహ్నం నలుగురు ఉన్నారు: షాపు మెకానిక్కు, పక్కన టీ కొట్టు నడిపే ఆమె, పని మానుకున్న ఒక పాత తోటమాలి, అతని మరదలు. తోటమాలి తన అలవాటు ప్రకారం కుడికాలు బెంచీ మీద చాపుకొని కూర్చున్నాడు. మరదలు ఒక బడి ఆవరణలో గడ్డి కోసే పని చేస్తోంది. కంచె పొడవునా మోకాలెత్తు గడ్డి మిగిలిపోయింది. గడ్డి మిషన్‌లో బ్లేడుకు బదులు తిరిగే నైలాన్ దారం కంచెకు తగిలి అయిదు నిమిషాలకొకసారి తెగుతోంది. రేపు మధ్యాహ్నంలోగా పూర్తి కాకపోతే పని మరొకరికి ఇస్తామని బడివారు చెప్పేశారు.

బల్ల మీద, మిషన్ కొసన దారం పట్టుకొని తిరిగే హెడ్లు రెండు ఉన్నాయి. ఒకటి నేలకు తట్టినప్పుడల్లా దారాన్ని దానంతటదే వదిలేది. రెండవది దారపు ముక్కలను చేత్తో దూర్చి బిగించుకొనేది. ఏది కొనాలో తేల్చుకోలేక ఆమె రెండింటినీ మార్చి మార్చి చూస్తోంది. తోటమాలి గొంతు సవరించుకున్నాడు.

"హెడ్డు ఏదైతే ఏముంది మరదలా, అందులో ఏం దూర్చామన్నదే లెక్క. నా రోజుల్లో నేను నైలాన్ దారం ముట్టుకుంటే ఒట్టు. సైకిల్ బ్రేకు వైరు, జానెడు ముక్కలు రెండు, ఇదిగో ఈ రెండో రకం హెడ్డులోనే దూర్చా. మూతబడ్డ మిల్లు లేదూ, దాని వెనక స్థలమంతా ఒక్క పూటలో నున్నగా గొరిగి పారేశా."

"అంత స్థలం ఒక్క పూటలోనే!" అంది టీ కొట్టామె.

"పూట అని ఏదో మర్యాదకి అన్నాను చెల్లెమ్మా. నిజం చెప్తే నువ్వు నమ్మవు. టీ గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి వెళ్లానా, పని ముగించి వచ్చేసరికి అది ఇంకా పొగలు కక్కుతోంది. గడ్డి ఎంత ఎత్తనుకున్నావు? నా నెత్తి మీద ఇంకో రెండు బారలు! దిగితే పట్టపగలే చీకటి, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు. ఇంకొకడైతే అక్కడే లాగు తడుపుకొనేవాడు. నేను స్టార్టరు తాడు ఒక్కసారి లాగానంతే, వైరు ఒకటే కూత, నేను దగ్గరికి రాకముందే గడ్డి భయపడి పడుకుంటోంది. గోడ అవతల ఇళ్లలో ఆరేసిన బట్టలు ఆ గాలికి ఆరిపోయి ఇస్త్రీ కూడా అయిపోయాయనుకో!"

"మడతలు కూడా పెట్టిందా అన్నా?" అన్నాడు మెకానిక్కు.

"పెట్టబోతే నేనే వద్దన్నాను రా. వాళ్లకీ ఏదో ఒక పని మిగలాలిగా."

మరదలు నవ్వలేదు. "వైరు తెగదా బావా?"

"బ్రేకు వైరు తెగడమేంటి పిచ్చిదానా! దున్నపోతును కట్టేసినా తెగదు."

ఆమె లేచి, గోడకు వేలాడుతున్న పాత బ్రేకు వైర్లలో ఒకదాన్ని లాగి మెకానిక్కుకు అందించింది. "జానెడు ముక్కలు రెండు కోసివ్వు తమ్ముడూ."

"ఇది వాడొద్దని హెడ్డు పెట్టె మీదే రాసి ఉంటుందక్కా."

"బావ వాడాడుగా. నాకు రేపు మధ్యాహ్నం దాకానే గడువు."

కట్టరు టక్కుమంది. మొదటి ముక్క బల్ల మీద పడింది. తోటమాలి ముఖంలో రంగు మారింది.

"ఆగాగు, కథ అయిపోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సగం పనిలో ఉండగా ఒక ముక్క హెడ్డులోంచి ఎగిరిపోయింది."

"ఇప్పుడేగా తెగదన్నావు?"

"తెగలేదు, అదే విడిపించుకుంది! మిల్లు రేకుల గోడకి ఇటు దూరి అటు తేలింది, నీళ్ల ట్యాంకు మూత ఎగరగొట్టింది, రెండు కరెంటు స్తంభాలు కోసుకుంటూ మబ్బుల్లోకి పోయింది. హమ్మయ్య, పోయిందిలే అనుకున్నా. మర్నాడు గడ్డం గీసుకుంటుంటే చెవి పక్కన కూత! సగం మీసం లేదు. బస్సెక్కితే కిటికీ పక్కనే ఎగురుతూ వచ్చింది. డ్రైవరు ఎంత తోలినా వదల్లేదు."

"చివరికి ఎక్కడ పడింది?" టీ కొట్టామె గొంతు తగ్గింది.

"పడితేగా చెల్లెమ్మా! పన్నెండేళ్లుగా తిరుగుతూనే ఉంది. గాలి ఆగినప్పుడు చెవి పెట్టి విను, సన్నగా వినిపిస్తుంది."

గాలి ఆగింది. టీ కొట్టామె లేచి, బుసకొడుతున్న కెటిల్‌ను పొయ్యి మీది నుంచి దించింది.

కట్టరు మళ్లీ టక్కుమంది. "పన్నెండేళ్లు తిరిగినా నిన్నేం చేయలేదుగా బావా. నేనూ జాగ్రత్తగా ఉంటాను," అంటూ మరదలు మొదటి ముక్కను హెడ్డులో దూర్చి మరను బిగించింది.

"మీ బడి కంచె అవతల ఏముంది?" అని అడిగాడు తోటమాలి.

"ఏముంటుంది, పిల్లల ఆటస్థలం."

"అదీ! దానికి పిల్లల గొంతు వినపడితే ఇంకా కిందికి దిగుతుంది. మొన్న ఒక చోట తల ఎత్తు దాకా దిగింది. నా మాట విను, వద్దు."

రెండవ ముక్క దూర్చబోతున్న ఆమె చేతిని అతడు పట్టుకున్నాడు. ఆమె అతని ముఖం చూసింది. తరువాత బెంచీ మీద చాపిన కాలు చూసింది.

"బావా, నీ కాలికి దెబ్బ తగిలింది బండి మీద నుంచి పడి కదూ?"

"ఆఁ."

"ఎక్స్‌రే తీయించావు గానీ, మళ్లీ డాక్టరు ముఖం చూడలేదు. ఆ ఫిల్మును కిటికీకి ఆనించి అక్కా నేనూ చూశాం. పిక్కలో సన్నగా తెల్లటి గీత. అదేంటంటే, ఫిల్ము మీద గోరు గీసుకుందన్నావు. ఇప్పటికీ అక్క నూనె రాస్తుంటే అక్కడ చెయ్యి వేయనివ్వవు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ ముక్క ఎప్పుడో కింద పడింది కదూ?"

అతని చెయ్యి పిక్క మీదికి వెళ్లింది.

"పడింది," అన్నాడు తోటమాలి.

అతడు హెడ్డు తీసుకొని, మర విప్పి, వైరును బయటికి లాగి మెకానిక్కు చేతిలో పెట్టాడు. "లావు నైలాన్ దారం కొయ్యి రా. హెడ్డు ఇదే ఉంచు. తెగితే ఇంకో ముక్క దూర్చుకోవచ్చు. కంచెకి జానెడు ఇవతలే మిషన్ ఆపెయ్ పిల్లా. ఆ మిగిలింది కొడవలితో కోద్దాం. తెల్లారగానే నేనూ వస్తా."

"నీ కాలుతోనా?"

"కూర్చునే కోస్తాలే."

ఆమె హెడ్డును సంచిలో వేసుకుంది. లేవబోయి ఆగింది.

"ముక్కలు రెండన్నావు బావా. ఒకటి నీ కాలిలో ఉంది. రెండోది?"

అతడు బల్ల మీది కట్టరును పక్కకి నెట్టాడు.

"గోడ మీదుగా వెళ్లింది."

"అవతల ఎవరుండేవారు?"

"ఇళ్లు. బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎవరూ అరవలేదు." అతడు కాలు కిందికి దించుకున్నాడు. "నేను వెళ్లి చూడలేదు."