నాలుగు పడుగుల ఖాళీ జాగ

లక్సెట్టిపేట దాటినాక ఒక ఊరు, 1978. సర్కారు జాగలో నూలు పడుగు చాపి గంజి పట్టిస్తున్న కమలవ్వ దగ్గరికి రెవెన్యూ గిర్దావర్ రామచంద్రం పంచనామా బుక్కు పట్టుకొని వచ్చాడు.

"జర గా పడుగు తియ్యి కమలవ్వా."

"గంజి తడి ఆరలే సారూ. తీస్తె పోగులన్ని అంటుకుంటయి."

"ఒక్క గడియ. 'ఖాళీగ ఉన్నది' అని రాసుకుంట. మల్ల సాపుకో."

"ఖాళీగ లేదు గద?"

"గందుకే తియ్యమంటున్న."

"ఖాళీ అని రాస్తే ఏమైతది?"

"సర్కారు హర్రాజు వేసి అమ్ముతది. ఎవ్వలు వాడని జాగ ఉంచుకొని సర్కారు ఏం జేస్తది? దండుగ."

"మేం వాడుతున్నం గద. మా అత్త గీడనే సాపింది. ఆమె అత్త గూడ."

"వాడుడంటే పట్టా ఉండాలె, శిస్తు కట్టాలె. దారం పరుసుడు వాడుడు కాదు."

"ఎవ్వలు కొంటరు?"

"ఎవ్వలన్న కొనొచ్చు. నువ్వు గూడ పాట పాడొచ్చు."

"జలపతిరావు దొర పాడుతడా?"

"పాడితె పాడుతడు. నాకేమెరుక."

"పొద్దుగాల దొర ఇంట్ల కోడికూర తిన్నరట గద."

"కోడి వేరు, పంచనామా వేరు. నీ మంచికే చెప్తున్న, విను. అమ్మిన పైసలతోని సర్కారు మీ నేతోళ్లకు షెడ్డు కట్టిస్తది. ఎండ లేదు, వాన లేదు. నీడపట్టున పడుగు చేసుకుంటరు."

"షెడ్డు యాడ కడుతరు?"

"యాడన్న. జాగ కొని కడుతరు."

"ఎవ్వల తాన కొంటరు?"

"ఎవ్వలకు జాగ ఉంటే వాళ్ల తాన."

"అప్పటికి గీ జాగ దొర తాననే ఉంటది గద."

"నీతోని మాట్లాడుడే తప్పు."

"రాస్కోన్రి సారూ. గీ జాగ పోతె మాకు పడుగు లేదు. పడుగు లేకుంటె మగ్గం లేదు. మగ్గం లేకుంటె పిల్లలకు తాగ గటుక లేదు. నాకు భయమైతుంది. గది గూడ రాస్కోన్రి."

"గటుక రాసేటందుకు పంచనామల ఖానా లేదు."

"మరి దేనికున్నది?"

"పొడుగుకు ఉన్నది, అడ్డానికి ఉన్నది. అరె, కొలిసే గొలుసు ఆఫీసుల్నే మర్చిపోయిన. బస్సు టైమైతుంది. నీ పడుగు ఎన్ని గజాలు?"

"నలభై."

"జాగ గీ కొసకెల్లి గా కొసకు ఎన్ని పడుగులు పడుతయి?"

"నాలుగు. మా నాలుగిండ్లోళ్లం ఒక్కపారే సాపుతం సారూ, పొల్లు పోదు."

"అడ్డం?"

"రెండు."

"దేనితోని కొలిసినమో గూడ రాయాలె, రూలు. ఆఁ, రాసిన. ఇగ నీ వేలిముద్ర."

"వేలిముద్ర ఎందుకు, సంతకమే పెడుత. మీది అయిందా?"

"నాది అయింది. మోహరు ముద్ర గూడ పడ్డది."

"పెట్టిన. జర సదివి వినిపియ్యున్రి."

"'సదరు భూమి పూర్తిగా ఖాళీగా ఉన్నది. ఎవరూ వాడుట లేదు. పొడవు, సదరు భూమి మీద కమలవ్వ చాపిన పడుగుతో కొలవగా నాలుగు...'"

"ఆగిన్రేంది సారూ?"

"గా కాయితం చింపాలె."

"నంబర్లు అచ్చేసిన బుక్కు గద. ఒక్క కాయితం తక్కువైతె?"

"నౌకరి పోతది కమలవ్వా."

"పోగు తెగితె మేం అతుకుతం సారూ. నౌకరి తెగితె అతికేటోళ్లు మా వాడల లేరు."