ఏసం నిలవని సుంకి

సుంకి అని ఒక పిల్లంట. పగటేసాలు కట్టేవాళ్ల బిడ్డ. పగటేసాలంటే ఏందో మీ పిల్లోళ్లకు తెల్దేమో. పొద్దున్నే మొగానికి రంగు పూసుకోని, ఒకనాడు శివుడు, ఒకనాడు పోలీసు, ఒకనాడు సోదె చెప్పే ఆయమ్మ, ఇట్ల దినానికొక ఏసం కట్టుకోని ఊరంతా తిరిగేవాళ్లు. ఈ సుంకి వాళ్ల నాయన కంబగిరి ఉండాడే, వాడు ఏసం కడితే కట్టుకున్న పెండ్లామే గుర్తుపట్టదంట. ఒకసారి పోలీసు ఏసంలో వస్తాంటే సొంత తమ్ముడే గోడ దూకి పారిపోయినాడంట, సూడండి ఇంగ! అట్లాంటోనికి పుట్టింది ఈ పిల్ల. దీనికి ఏమి కట్టినా నిలవదు. నీలం పూసి, నెమలీక పెట్టి కిష్ణున్ని చేసి నిలబెడితే, సూసినోళ్లు 'యా, కంబగిరి కూతురు' అంటారు. ఎలుగుబంటి తోలు కప్పినా 'కంబగిరి కూతురే' అంటారు. ఆ ముక్కు, ఆ కనుబొమ్మలు, ఆ ముందుకొచ్చిన గడ్డం, అచ్చు గుద్దినట్ల నాయన పోలిక. ఎంత రంగు పూసినా లోపల్నుంచి ఆ మొగమే తోసుకోని వస్తాది. దాని ఈడు పిల్లోళ్లు రాముడూ సీతా కడతాంటే, ఇది నీళ్ల చెంబు, ఆముదం బుడ్డి మోసుకోని ఎనక నడిచేది, వాళ్ల రంగు కడిగేదానికి. ఏమ్మే నర్సక్కా, నోరు తెరుచుకోని సూస్తాండావు, కతకు చెవులు చాలు, చేతులు చెనిక్కాయలు వలవనీ.

వాళ్లల్లో ఒక కట్టుబాటు ఉండాది. ఏసంతో అన్నం తినొచ్చు, ఏసంతో పోట్లాడొచ్చు, ఏసంతో నిద్ర మాత్రం పోగూడదు. ఎందుకంటే, మనిషి నిద్రపోతే పానం బయటికి తిరగను పోతాది. అదే కల. తిరిగి తిరిగి వచ్చి, మొగం సూసుకోని, 'ఆ, ఇది నా ఇల్లే' అని ముక్కులో దూరుతాది. మొగాన రంగుంటే? 'ఇదెవురి ఇల్లో' అని మళ్లుకోని పోతాది. మీ అవ్వలు మీకూ చెప్పింటారు, నిద్రపోయేవాళ్ల మొగాన మసి పూయగూడదని. ఊరికే చెప్పలేదు. సరే, ఒక దినం ఏమైందంటే, కంబగిరి అర్ధనారి ఏసం కట్టినాడు. కుడిపక్క శివుడు, ఎడమపక్క పార్వతమ్మ. ఒక పక్క మీసం, ఒక పక్క ముక్కుపుడక. పక్కన వినాయకుడుంటే బాగుంటాదని సుంకికి తొండం కట్టి నిలబెట్టినాడు. జనమంతా చేతులు జోడించి, ఉలుకూ పలుకూ లేకుండా సూస్తాండారు. అంతలో ఎవుడో పిల్లోడు, 'ఒరేయ్, వినాయకుడు కాదురా, కంబగిరి కూతురు తొండం పెట్టుకుంది!' అనె. అంతే, జనం పకపకా నవ్విరి. శివుడూ పాయె, పార్వతీ పాయె. కంబగిరికి తల కొట్టేసినట్లయ్యింది. చింతతోపులో వాళ్ల గుడారాలకాడికి వచ్చి, 'నా కడుపున చెడబుట్టినావే నువ్వు. ఏసగాని బిడ్డకు ఏసం నిలవకపోతే ఇంగ దేనికి పనికొస్తావు? పో, నీళ్లు తీసుకరా, అదొకటి చాతనైతాది నీకు' అన్నాడంట. ఆ మాటకు బిడ్డ మనసు ఇరిగిపోయింది. చెంబు తీసుకోని వంకకాడికి పోయి, అట్లే కూచునింది. కావాలనే కూచునింది. 'కాసేపు ఎదురుసూడనీ' అనుకునింది. పొద్దున్నుంచి తిరిగి అలిసినోడు కదా, కంబగిరి ఆ రంగుతోనే చాపమీద ఒరిగి, కన్నుమూసినాడు.

సుంకి నీళ్లు తెచ్చి సూస్తే నాయన గుర్రుపెడతాండాడు. అప్పుడే ఒక తూనీగ గుడారంలోకి వచ్చిందంట. నాయన ముక్కుకాడ ఆగింది. నీలం పక్క సూసింది, పసుపు పక్క సూసింది. ఒక సుట్టు సుట్టింది. ఎనక్కి మళ్లుకోని ఎలబారిపోయింది. గుర్రు ఆగిపోయింది. 'నాయనా, నాయనా' అని ఈ పిల్ల కదిలిస్తే కదలడు. వాళ్ల జేజి పరుగెత్తుకోని వచ్చి, కొడుకు ముక్కుకాడ ఏలుపెట్టి సూసి, 'ఊపిరి సన్నంగా ఉండాది, మనిషి లేడు' అని గుండెలు బాదుకునింది. కంబగిరి పెండ్లాం కాన్పుకు పుట్టింటికి పోయుండె. ఆయమ్మకు ఏమని కబురంపేది? అప్పుడు జేజి చెప్పిందంట, 'ఎవురన్నా పోయి పిలుచుకోని రావాల. పొద్దు గూకేలోపల రావాల. పొద్దు గూకితే లోకమంతా నిద్రపోతాది, లోకమంతా ఆ కలలోకి వచ్చి పడతాది. తిరునాళ్లలో తప్పిపోయినోని మాదిరి, ఇంగ నా కొడుకు దొరకడు.' కంబగిరి తమ్ముడు బాలోబులు 'నేను పోతా' అని, వాళ్లన్న తలకు తల ఆనించి పడుకున్నాడు. పడుకున్న కాసేపటికే ఎగిరి కూచోని, 'కొక్కొరొకో' అన్నాడంట! ఏందిరా అంటే, 'ఆడ ఎవురో నన్ను సూసి కోడిపుంజా అన్న్యారు. అంతే, పుంజు అయిపోయినా. గింజలు ఏరుకోని తినుకుంటా దేనికి వచ్చినానో మరిచిపోయినా' అన్నాడు. ఆ లోకం అట్లాంటిది. నిన్ను ఏమంటే నువ్వు అది అయిపోతావు. ఏసగాళ్లయితే మరీ సులబంగా అయిపోతారు. 'ఇంగ ఎవురు పోతారు?' అని జేజి ఏడిస్తే, సుంకి పోయి నాయన నెత్తికి నెత్తి ఆనించి పడుకునింది. జేజి నడినెత్తిన ఇంత ఆముదం అద్ది, నిద్రపుచ్చింది.

కండ్లు తెరిచి సూస్తే ఏముండాది? చింతతోపే. కానీ చింతాకులు కొమ్మలు దిగి, చీమల మాదిరి బారుకట్టి నడిచిపోతాండాయి. వాటెంబడే నడిచింది. నడిస్తే, అబ్బా, ఏమి చెప్పేది తల్లీ! మిట్టమద్యానం కదా, అప్పుడు నిద్రపోయేవాళ్లు ఎవురు? మనుషులు తక్కువ. ఉయ్యాలలో పిల్లలు, నీడన పడుకున్న గొడ్లు, గబ్బిలాలు, గుడ్లగూబలు. ఇవే ఆ లోకానికి ఆ యాల రాజులు. ఒక బర్రెగొడ్డు వస్తాంది, కొండంత. మూతికి తాడు లేదు, మెడకు గుదిబండ లేదు. అది నడిచినంత మేర పచ్చగడ్డి లేసి మోకాటికి వస్తాంది. మన ఇండ్లలో కట్టేసిన గొడ్లు కండ్లు మూసుకోని నెమరేస్తాంటాయి సూడు, అప్పుడు ఆడ అట్ల ఉంటాయంట! ఆ పిల్ల దాని కాళ్లకింద నిలబడి తలెత్తి సూస్తే, కడుపు మేఘంలోకి ఉండాది. ఇంకొంచెం పోతే, ఆకాశం కిందికి వచ్చింది, నేల పైకి పోయింది. అది గబ్బిలాల పక్క. కాళ్లకింద చుక్కలు, పట్టపగలు, మెత్తగా, అడుగేస్తే చెదిరి మళ్లా కూడుకుంటాండాయి. నెత్తిమీద ఏరు పారతాండాది, ఒక్క చుక్క కింద పడదు. ఆ ఏటికి ఆ పక్క ఉయ్యాల పిల్లలు నడుస్తాండారు. నడక రాని పిల్లలు ఆడ నడుస్తారు. గాలిగోపురాలంత ఉండారు. వాళ్లకు ఇంకా ఏ రూపమూ తెల్దు కదా, అందుకని వాళ్లకు మొగం లేదు, ఒట్టి వెలుగు. ఒక పసిబిడ్డ నవ్వితే కొండలన్నీ ఒకసారి ఎర్రబడి, మళ్లా తెల్లబడినాయంట. సుంకికి ఒళ్లు జలదరించింది. భయం కాదు. గుడిలో హారతి ఇచ్చేటప్పుడు కండ్లలో నీళ్లొస్తాయే, అట్ల.

ఆడ ఒక గుడ్లగూబ ముసలాయన దారికి అడ్డం కూచోని, 'ఎవురే నువ్వు? జొన్నకంకివా?' అనె. సుంకి మారలేదు. 'మేకపిల్లా!' అనె. మారలేదు. 'ఉరుమా? ఉప్పుకల్లా? ఉడతా?' ఎన్ని అన్నా ఆ పిల్ల ఆ పిల్లే. ఆ ముక్కే, ఆ గడ్డమే. గుడ్లగూబ తల మొత్తం ఒక సుట్టు తిప్పి సూసి, 'రండ్రా, రండ్రా, మారనిదాన్ని సూద్దురు రండి' అని కేకపెట్టినాడు. గుడ్లగూబలన్నీ ఎగిరి వచ్చి, రెండు తలల దూడను సూసినట్ల సూసినాయి. 'అయ్యో పాపం, ఒక్క మొగమేనా నీకు? ఎట్ల బతుకుతావే?' అని ఒకటి, 'అవిటిది పాపం' అని ఒకటి. సుంకికి ఏడుపొచ్చింది. 'ఆడా ఇదే మాట, ఈడా ఇదే మాట. యాడికి పోవాల నేను? మా నాయనను సూపిచ్చండి, పోతా' అని ఏడ్చింది. ముసలాయనకు జాలేసి, 'మీ నాయనా? ఈ దినం వచ్చిన కొత్తోడా? అబ్బ, వాడు మామూలోడు కాదమ్మీ! అదో, ఆ మైదానంలో ఆడతాండాడు. పో, పో, పొద్దు వాలతాండాది' అన్నాడంట.

మైదానంలో ఒక్కడే మనిషి. సుట్టూ ఆ లోకమంతా కూడి సూస్తాండాది. వాడు పులి అయినాడు. పులంటే, రంగు పూసిన పులి కాదు, పులే. అరిస్తే సుంకి కాళ్లకింద నేల అదిరింది. వాన అయినాడు. మైదానమంతా వాన కురిసింది, ఎవురూ తడవలేదు, మట్టివాసన మాత్రం వచ్చింది. వాడొక్కడే పెండ్లి ఊరేగింపు అయినాడు, మేళమూ వాడే, గుర్రమూ వాడే, పెండ్లికూతురు సిగ్గూ వాడే. కడాకు శివుడూ పార్వతీ అయినాడు. కుడిపక్క మంచుకొండ, ఎడమపక్క పండిన చేను. ఒకటా, రెండా, తెల్దు. కొండమీద గాలి చేనుమీదికి వస్తాంటే కంకులు తల ఊపతాండాయి. ఉయ్యాల పిల్లలే కూచుండిపోయినారంట సూడను. సుంకి చేతులు జోడించింది. అనుకునింది కదా, 'మా నాయన బతుకంతా రంగు నూరి, ఎండలో తిరిగి కట్టాలనుకున్నది ఇదే. ఈడ దొరికింది ఆయనకు. నేనెందుకు పిలవాల?' అనుకునింది. పిలవకుండా పోదామనే అనుకునింది ఆ బిడ్డ! కానీ జేజి గుర్తుకొచ్చె, అమ్మ కడుపుతో ఉండేది గుర్తుకొచ్చె. 'నాయనా!' అని కేకేసింది.

కేకేస్తే ఏమైందంటే, అదే తప్పయిపోయింది. ఆడ ఎవుర్ని ఏమంటే వాళ్లు అది అయిపోతారని చెప్పినా కదా? నాయనా అన్న్యాది, సూసేవాళ్లంతా నాయనలైపోయిరి! మైదానం నిండా కంబగిరిలు. గుడ్లగూబా కంబగిరే, బర్రెగొడ్డూ కంబగిరే. అందరూ చేతులు చాపుకోని, 'రామ్మా సుంకీ, నా బంగారు తల్లీ, నీ అంత ఏసగత్తె ఏడేడు లోకాల్లో లేదమ్మా' అని ముద్దు చేస్తా వస్తాండారు. ఏ మాట కోసం ఆ పిల్ల ఇన్నాళ్లూ కాచుకోనుండెనో ఆ మాటే అందరి నోట్లో. ఎవుని చెయ్యి పట్టుకోవాల? ఆకాశం అంచు ఎర్రబడతాంది. అప్పుడు ఆ పిల్లకు ఒకటి తోచింది. ఏసగాళ్లు ఊరు ఇడిచి పోయే కడాటి దినం ఏసం కట్టరు. ఒట్టి మొగంతో వచ్చి నిలబడి, 'ఇన్నాళ్లూ మీ ఎదర ఆడినోళ్లం మేమే, దీవించండి' అని సెలవు తీసుకుంటారు. దానికి ఎదురు చెప్పేదానికి లేదు, వాళ్ల తాతల నాటి కట్టు. సుంకి గట్టిగా, పెద్దమనిషి మాదిరి అరిచింది, 'ఆట ముగిసింది! ఈ దినం కడాటి దినం! ఒట్టి మొగంతో రాండి!'

అనేసరికి ఒకొకరూ రాలిపోయినారు. బర్రె బర్రె అయ్యింది, గూబ గూబ అయ్యింది, కొందరి కింద ఏమీ లేదు, ఉత్త పొగ. అందరూ పోయినాక నడిమధ్యలో ఒకడు నిలబడుకోనుండాడు. తలొంచుకోనుండాడు. పోయి సూస్తే వానికి మొగం లేదు. కడిగిన పలక మాదిరి ఉండాది. 'నేను ఒట్టి మొగంతో రాలేను పాపా,' అన్నాడంట, 'నా ఇంటికి పోతే ఆడ ఎవురో పడుకోనుండారు. నా మొగం ఎట్లుంటాదో మరిచిపోయినా. ఎన్ని కట్టినా, అదొక్కటి కట్టడం రాలేదు.' సుంకి ఇంకొంచెం దగ్గరికి జరిగింది. వాని చెయ్యి పట్టుకోని తన మొగంమీద పెట్టుకునింది. 'ఇది సూడు నాయనా. అందరూ ఇది నీదే అంటారు' అనింది. గుడ్డోడు తడిమినట్ల తడిమినాడు. ముక్కు తడిమితే వానికి ముక్కొచ్చె. కనుబొమ్మలు తడిమితే కనుబొమ్మలొచ్చె. గడ్డం తడిమితే గడ్డం ముందుకొచ్చె. కండ్లొచ్చినాయి, వచ్చిన కండ్ల నిండా నీళ్లే. 'సుంకీ' అన్నాడు.

అంతలో హోరుమని శబ్దం. పొద్దు గూకతాండాది! ఉప్పెన మాదిరి జనం వచ్చి పడతాండారు, సంగటి తిని మెతుకు ఆరకముందే నిద్రపోయిన పిల్లోళ్లు ముందర, ఎనక ముసలోళ్లు. కంబగిరి తూనీగ అయ్యి కూతురి అరచేతిలో వాలినాడు. పిల్ల గుప్పిట మూసి, చుక్కలమీద అడుగులేసి, జనాన్ని తోసుకోని పరుగో పరుగు. ఈడ చింతతోపులో ఉలిక్కిపడి లేసింది, గుప్పిట మూసినట్లే ఉండాది. జేజి అప్పటికే కొడుకు మొగం తళతళా కడిగి పెట్టుండె. సుంకి పోయి నాయన ముక్కుకాడ గుప్పిట తెరిచింది. జేజికి ఏమీ కనపల్లేదు. కంబగిరి మాత్రం గట్టిగా తుమ్మినాడు. 'నూరేండ్లు నాయనా' అని జేజి బోరుమనె. వాడు కండ్లు తెరిచి కూతుర్ని సూసినాడు, సూసినాడు, ఎంతసేపటికీ కన్ను మళ్లియ్యలేదు. కడాకు, 'సంగటి ఉందా అమ్మా, ఆకలైతాంది' అన్నాడంట. మగోళ్లు అంతే, గొంతు పట్టుకుంటే తిండి అడుగుతారు.

ఆ తర్వాత ఇంకొకటి జరిగింది, అది ఇనండి. కూతురి మొగాన్ని సూసి తెచ్చుకున్న మొగం కదా, కంబగిరికీ ఏసం నిలవకుండా పాయె! మళ్లా అర్ధనారి కట్టినాడు. ఎన్ని రంగులు పూసినా శివుని పక్కా కంబగిరే, పార్వతమ్మ పక్కా కంబగిరే. పక్కన తొండం కట్టుకోని సుంకి. తమ్ముడు బాలోబులు, 'ఇంగ మనల్ని తరిమి కొడతారు అన్నా' అని వణుకుతాండాడు. పిల్లోళ్లు నవ్వినారు, నిజమే. కంబగిరి మాత్రం తల దించుకోలేదంట, కూతురి భుజంమీద చెయ్యేసి నిలబడినాడు. అప్పుడొక ముసలామె వచ్చి, ఇద్దరినీ తేరిపార సూసి, ఆ శివుని కాళ్లమీద నీళ్లు పోసి మొక్కింది. 'ఏందవ్వా, వాడు కంబగిరి కదా' అంటే, 'నాకు కండ్లు లేవా? తెలుసులే. దేవునికి ఎవురిదో ఒకరి మొగం ఉండల్ల కదా. తెల్వని మొగమైతే నా కష్టం ఎట్ల చెప్పుకునేది?' అనిందంట. ఇదంతా నిజమా అని నన్ను అడగాకండి, నేను పోయి సూడలేదు. నాకు మద్యానం నిద్ర ఎవురు పోనిస్తారు ఈ ఇంట్లో? సర్లే గానీ, ఈ గంప ఏంది సగమే ఉండాది? కత ఇన్నారా, చెనిక్కాయలు తిన్నారా? మా కోడలొచ్చి అడిగితే ఒట్టి మొగాలు పెట్టుకోని మీరే చెప్పుకోండి, నేను మాత్రం కండ్లు మూసుకుంటా.